నలుగురికీ ఒకే ఏలిముద్ర

ఈ వ్యాసం కింద ఒక్క పేరే అచ్చవుతుంది. రాసింది మాత్రం నలుగురం. కలం పట్టుకున్నది నేను. ఏది రాయొచ్చో ఏది రాయకూడదో తక్కిన ముగ్గురూ చెప్పారు. వాళ్లు వద్దన్నవి ఇందులో లేవు. మధ్యలో ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే మర్చిపోయిందనుకోకండి. అది ఇంకొకరి సొత్తు. అడక్కుండా తీసి పంచే హక్కు నాకు లేదు.

నలుగురమంటే నలుగురు అక్కచెల్లెళ్లం కాదు. ఒకే ఒంట్లో కాపురముంటున్న నలుగురం. ఒకరు బయటికొచ్చి ఒళ్లు నడుపుతుంటే తక్కినవాళ్లు లోపలుంటారు. కొన్నిసార్లు లోపలినించి చూస్తుంటారు. కొన్నిసార్లు ఏమీ తెలీదు. పొద్దున ఏడింటికి పొయ్యి దగ్గరున్న నేను, కళ్లు మూసి తెరిస్తే మధ్యాహ్నం రెండింటికి బస్సులో ఉంటాను. ఆ ఏడు గంటలూ ఎవరో బతికారు. అన్నం తిన్నారు, రిజిస్టర్లో సంతకం పెట్టారు, ఎవరితోనో నవ్వుతా మాట్లాడారు. ఆ మనిషిని నేను కాదు. చేతులు ఇవే, చీర ఇదే.

చదివేవాళ్లలో చాలామందికి వెంటనే సినిమా గుర్తొస్తుంది. 2005లో 'అపరిచితుడు' వచ్చింది. అదే ఏడు 'చంద్రముఖి' వచ్చింది. అప్పట్నించీ మల్టిపుల్ పర్సనాలిటీ అనే మాట మా పల్లెలో పిల్లలకి కూడా తెలుసు. 'అపరిచితుడు'లో ముగ్గురు మనుషులున్న ఒళ్లు ఒక బ్రాహ్మణ లాయరుది. లోపలివాడు గరుడపురాణం తీసి జనాన్ని శిక్షిస్తుంటే హాలంతా ఈలలు. మా పల్లెలో ఆడపిల్ల గొంతు మారితే మాత్రం వేపమండలు తెచ్చారు. చేతిలో పురాణముంటే హీరో, పేడతట్ట ఉంటే దయ్యం! మేం ఎవర్నీ చంపలేదు. చంపాలనుకోనూ లేదు. మా గొడవలన్నీ కూరల దగ్గర, అద్దింటి దగ్గర, బస్సులో కిటికీ సీటు దగ్గర.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. మా తాతముత్తాతలు బాప్టిస్టులు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత తర్వాత మా పల్లెలో ప్రతివాళ్లకీ రెండు పేర్లు వచ్చాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకి తప్ప ఎస్సీ హోదా లేదంది. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలేదు. మాదిగ బాప్తిస్మం తీసుకుంటే కాగితం మీద బీసీ-సీ అయిపోతాడు. పక్కింటోడి కళ్లకి మాత్రం మాదిగే. అందుకని బడి రిజిస్టర్లో ఒక పేరు, చర్చి రిజిస్టర్లో ఒక పేరు. సర్టిఫికెట్టు విచారణకి మనిషి వస్తున్నాడంటే గోడమీద యేసుప్రభువు పటం మంచం కిందికి పోయేది. ఆ మనిషి వెళ్లాక మళ్లీ గోడెక్కేది.

ఒక మనిషి ఇద్దరుగా బతకడం మా పల్లెకి ప్రభుత్వమే నేర్పిన విద్య. మా సంగతి దానికంటే లోతైందని నాకు తెలుసు. పల్లెలో వాళ్లు వేసేది వేషం, తీసెయ్యొచ్చు. మాది తీసేస్తే పోయేది కాదు. అయినా ఏ పేరుకి ఎక్కడ పలకాలో అనే మొదటి పాఠం మాకు అక్కడే దొరికింది.

ఇక మేం ఎవరమో చెప్తాను.

సిన్నదానికి ఏడేళ్లు. నలభై ఏళ్లుగా ఏడేళ్లే. మా అమ్మ ఆసామి గొడ్లసావిట్లో పేడ తీసేది. నాకు ఆరేళ్లొచ్చాక నన్నూ వెంట తీసుకుపోయేది. అమ్మ చేలోకి పోతే సావిట్లో నేనొక్కదాన్నే. అక్కడేం జరిగిందో సిన్నదానికి తెలుసు. నాకు తెలీదు. నిజంగానే తెలీదు. నా వల్లకాని బరువుని అది ఎత్తుకుంది. అది ఎత్తుకోబట్టి నేను బడికి పోయాను, ఎక్కాలు నేర్చుకున్నాను. ఇంతకుమించి రాయొద్దంది. ఆపుతున్నాను.

1985 జూలై 17న కారంచేడు జరిగింది. ఆరుగురు మాదిగల్ని చంపారు. మా ఊరు అక్కడికి దూరమే. అయినా ఆ వారమంతా మా పల్లెనించి ఒక్కరు కూడా ఊళ్లోకి పనికి పోలేదు. మగాళ్లు రాత్రుళ్లు కర్రలు పట్టుకుని పల్లె చివర కూచున్నారు. ఆ వారం నేను సావిట్లోకి పోలేదు. నాకు గుర్తున్న మొదటి సెలవు అదే. ఆరు శవాల మీద వచ్చిన సెలవు. కర్రోడు మాలోకి వచ్చింది ఆ రాత్రుల్లోనే అనుకుంటాను. వాడు మగాడు. మాట తక్కువ. రాత్రి రెండింటికి లేచి తలుపు గెడ చూస్తాడు. ఎవరైనా మామీద గొంతు లేపితే ముందు వాడి పిడికిలి బిగుసుకుంటుంది, ఆ తర్వాతే నాకు తెలుస్తుంది.

ఆపీసామె డిగ్రీలో వచ్చింది. కాలేజీలో నేను "యాడికి" అంటే క్లాసంతా నవ్వేది. పాఠం చెప్పే ఆయన కూడా నవ్వేవాడు. ఒకరోజు నా నోట్లోంచి "ఎక్కడికండీ" అని వచ్చింది. అన్నది నేను కాదు. అప్పట్నించీ పరీక్షలు ఆమె రాసింది, సర్వీసు కమిషను పరీక్ష కూడా ఆమే రాసింది, ఉద్యోగం తెచ్చింది. ఆమెకి కళ్లజోడు కావాలి. నాకు అక్కర్లేదు. ఆమె టిఫిన్ డబ్బాలో పెరుగన్నం, ఆవకాయ పెట్టుకుపోతుంది. పెద్దమాంసం వాసన అంటే నలుగురి ముందు వణికిపోతుంది.

నేను పెద్దమ్మిని. వంటా, అమ్మా, చర్చీ, సంఘం మీటింగులూ నావి. పుట్టినప్పట్నించీ ఉన్నది నేనేనని చాలాకాలం అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాట గట్టిగా అనను. పుట్టుకతో వచ్చానని పెత్తనం చేసేవాళ్లని చాలామందిని చూశాం కదా.

మాకు మొదట పేరు పెట్టింది పల్లె. పోలేరమ్మ కొలుపుల్లో మా నాయనమ్మకి పూనకం వచ్చేది. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూచునే మనిషే. డప్పు మోగితే జుట్టు విరబోసుకుని ఊగేది. అప్పుడు ఆసామి కూడా చేతులు కట్టుకుని నిలబడేవాడు. "నా బిడ్డల కూలి ఎగ్గొట్టావురా" అని మొహం మీద అడిగేది. కిక్కురుమనేవాడు కాదు. తెల్లారి అదే ఆసామి గుమ్మం ముందు అదే నాయనమ్మ గిన్నె పట్టుకుని దూరంగా నిలబడేది.

1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల్లో మాదిగల గురించి రాసినచోట మాతంగి ఉంది. మాదిగ ఆడమనిషి. దేవత పూనినప్పుడు పెద్దకులాలవాళ్ల మీద ఉమ్మేది, తిట్టేది, కర్రతో తాకేది. వాళ్లు దాన్ని మైల అనుకునేవాళ్లు కాదు, శుద్ధి అనుకునేవాళ్లు. ఇవాళ్టికీ సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే ఆమెని మాతంగి అనే పిలుస్తారు. మంత్రులు కూడా వింటారు. ఒక ఒంట్లో ఇంకొకరు ఉండొచ్చని ఈ దేశం ఎప్పుడో ఒప్పుకుంది. ఆ ఇంకొకరు దేవతయితే చాలు. ఏడేళ్ల మాదిగ పిల్ల అయితే మాత్రం ఒప్పుకోదు. సిన్నది నా నోటితో మాట్లాడినప్పుడు ఎవరూ దండం పెట్టలేదు. వేపమండలతో కొట్టారు. అది ఇంకా లోపలికి పోయి దాక్కుంది.

రెండోసారి పేరు పెట్టింది చర్చి. ఒక పాస్టరు నన్ను మోకాళ్ల మీద కూచోబెట్టి నీ పేరేంటని గద్దించాడు. బైబిల్లో గెరాసేనుల దేశంలో సమాధుల మధ్య తిరిగే మనిషి ఉన్నాడు. అతని పేరు సేన. లోపల చాలామంది. ప్రభువు వాళ్లందర్నీ పందుల మందలోకి పంపితే ఆ పందులు నీళ్లలో పడి చచ్చిపోయాయి. ఆ మనిషి బాగుపడ్డాడు. చిన్నప్పట్నించీ ఈ కథ విన్నాం. నాకు మాత్రం ఎప్పుడూ పందులు మేపేవాళ్లే కళ్లముందు కనపడేవాళ్లు. సుమారు రెండువేల పందులు పోతే వాళ్లు ఆ రాత్రి ఏం తిన్నారో ఏ ప్రసంగంలోనూ చెప్పలేదు. ఇంకో సంగతి. ఆ మనిషిని గొలుసులతో కట్టింది ఊరివాళ్లు. లోపలివాళ్లు కట్టలేదు. లోపలివాళ్లు గొలుసులు తెంపారు. పాస్టరు గద్దించినప్పుడు కర్రోడు బయటికొచ్చి లేచి నిలబడ్డాడు. ప్రార్థన అయిపోయింది.

మూడోసారి పేరు పెట్టింది ఆసుపత్రి. మొదట చూపించిన డాక్టరు మమ్మల్ని ఐదు నిమిషాలు కూడా వినకుండా మాత్రలు రాశాడు. చేతులు వణికాయి. నలుగురం నిద్రపోయాం. రెండో డాక్టరు 2009లో దొరికాడు. విన్నాడు. దీనికి పేరుందన్నాడు. మల్టిపుల్ పర్సనాలిటీ అనే పాత పేరుని అమెరికా డాక్టర్లు 1994లోనే తీసేసి డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అని మార్చారని చెప్పాడు. మరీ చిన్నతనంలో, తప్పించుకునే దారిలేని చోట, మళ్లీ మళ్లీ దెబ్బతిన్న పిల్లల్లో ఎక్కువగా వస్తుందన్నాడు. ఆ పిల్ల మనసు ఒకటిగా అతుక్కోకముందే గదులుగా కట్టుకుంటుంది. ఒక గదిలో జరిగింది ఇంకో గదికి తెలీకుండా గోడ పెడుతుంది. ఆ మాట విన్నరోజు సిన్నది లోపల చాలాసేపు ఏడ్చింది. దాన్ని దయ్యం అనని మొదటి బయటి మనిషి ఆయన.

2013లో వచ్చిన డాక్టర్ల పుస్తకంలో ఇది కొన్ని సంస్కృతుల్లో పూనకంలా కనపడుతుందని కూడా చేర్చారు. ఆచారంలో భాగంగా, అందరూ ఒప్పుకునేలా వచ్చే పూనకం జబ్బు కాదని అందులోనే ఉంది. అంటే మా నాయనమ్మకి జబ్బు లేదు. ఈ సంగతి తెలిసేసరికి ఆమె లేదు.

ఆ మంచి డాక్టరే ఒక ప్రశ్న తెచ్చాడు. మేం విడిపోయిందీ నిలబడిందీ ఆ ప్రశ్న దగ్గరే.

నలుగుర్నీ కలిపి ఒక్కరిని చేద్దామన్నాడు. ఏళ్లు పడుతుంది, కానీ సాధ్యమేనన్నాడు. కలిపితే మిగిలేది ఎవరు అని అడిగాను. ఎవరూ పోరు, అందరూ కలిసి కొత్త మనిషి అవుతారన్నాడు. సరే, ఆ కొత్త మనిషి ఎలా మాట్లాడుతుంది? ఏం తింటుంది? మీరేంట్లు అని అడిగితే ఏం చెప్తుంది? ఆయన ఆలోచించి, ఉద్యోగం చేస్తున్న ఆవిడ అన్నిటికీ తట్టుకునేలా ఉంది కాబట్టి ఆవిడ చుట్టూ మిగతావాళ్లని చేర్చుకుందామన్నాడు.

ఆయన మంచివాడు. కులం మనసులో పెట్టుకుని అన్నాడనుకోను. కానీ ఆయన కళ్లకి మాలో ఆరోగ్యంగా కనపడింది ఎవరు? "ఎక్కడికండీ" అనే ఆమె. పెరుగన్నం తినే ఆమె. కులం అడిగితే మాట తప్పించగలిగే ఆమె. జబ్బుగా కనపడింది ఎవరు? యాస మాట్లాడే నేను, పేడవాసన వచ్చే సిన్నది, పిడికిలి బిగించే కర్రోడు. మా లోపల కూడా ఊరొకచోట, పల్లె ఒకచోట ఉన్నాయని ఆరోజు తెలిసింది. ఊళ్లో కలిసిపోవడమే బాగుపడటమని ఎవరూ చెప్పకుండానే తీర్మానమైపోయింది.

1994 జూలై 7న మా జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైంది. ఎస్సీలంతా ఒక్కటే కదా, విడదీస్తారెందుకని అప్పుడు చాలామంది అన్నారు. ఒక్కటే అయితే వాటా ఎవరికెంత అందుతోందో చెప్పండని మావాళ్లు అడిగారు. రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెప్పడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. ఆ ముప్ఫై ఏళ్ల వాదనలో నేను నేర్చుకున్నది డాక్టరు గదిలో అక్కరకొచ్చింది. కలిసుండటం వేరు. కలిపేయడం వేరు. కలిసుందాం అన్నవాడిని ఎవరి పేరు కింద అని అడగాలి.

లోపల మాట్లాడుకున్నాం. ఇక్కడ ఆపీసామె గురించి ఒక మాట చెప్పాలి. ఆమెని దొంగ అనీ, కులం దాచుకుందనీ అనడం తేలిక. ఆ పరీక్షలు ఆమె రాయకపోతే మేం నలుగురం ఈపాటికి మిరపచేలో వంగి ఉండేవాళ్లం. అద్దింటి కోసం పద్దెనిమిది గుమ్మాలెక్కి, పద్దెనిమిదిసార్లు "మీరేంట్లు" అని అడిగించుకున్నది ఆమె. ఆ ప్రశ్న మా ముగ్గురికీ తగలకుండా ఒళ్లు అడ్డం పెట్టింది. సిన్నది సావిటిని మోసినట్టే ఆమె ఆ గుమ్మాల్ని మోసింది. కలిపేద్దామన్న మాటకి ముందుగా వద్దన్నది కూడా ఆమే. "వాళ్లు పోతే నేను ఇంటికెళ్లి ఎవరితో మాట్లాడను?" అంది.

నలుగురం వద్దనుకున్నాం. డాక్టరు ఒప్పుకున్నాడు. కలిసిపోవడమొక్కటే గమ్యం కానక్కర్లేదని, లోపలివాళ్లు ఒకరినొకరు ఎరిగి సర్దుకుని నడవడం కూడా గమ్యమేనని ఈ వైద్యం చేసేవాళ్లే ఇప్పుడు అంటున్నారు. పల్లెలో ఎవరినడిగినా ఈ మాట ముందే చెప్పేవాళ్లు. నలభై ఇళ్లకి ఒకటే బోరింగు ఉన్నచోట వంతు అంటే ఏందో పసిపిల్లకి కూడా తెలుసు.

ఇప్పుడు మా వంతులు ఇలా ఉన్నాయి. పొద్దున తొమ్మిదిన్నర నించి సాయంత్రం ఐదున్నర దాకా ఆపీసామెది. ఆ టైములో కర్రోడు బయటికి రాకూడదు, సూపరింటెండెంటు ఎంత అరిచినా సరే. సాయంత్రం నాది. ఆదివారం చర్చి అయ్యాక రెండు గంటలు సిన్నదానివి. అప్పుడు అది బొమ్మలేస్తుంది, ఐసుఫ్రూటు తింటుంది, అమ్మ ఒళ్లో పడుకుంటుంది. డెబ్భై దాటిన మా అమ్మ, నలభై దాటిన ఈ ఒంటిని ఒళ్లో పెట్టుకుని పేలు చూస్తుంది. రాత్రి కాపలా కర్రోడిది. కానీ గెడ ఒక్కసారే చూడాలి. నాలుగుసార్లు లేస్తే పొద్దున ఆపీసామెకి తలనొప్పి.

లెక్కకి ఒక లాంగ్ నోట్‌బుక్కు ఉంది. ఎవరు ఎంత ఖర్చుపెట్టారు, ఎవరితో ఏం మాట్లాడారు, ఎవరికి ఏం మాటిచ్చారు, అన్నీ అందులో రాస్తాం. రాయకపోతే ఇంకొకరు బజార్లో నోరెళ్లబెట్టాలి. కర్రోడికి రాయడం రాదు. గీత గీస్తాడు. నిలువు గీత అంటే అంతా బాగుంది. అడ్డగీత అంటే ఎవరో వెంటపడ్డారు. జీతంలో ఇంటికీ అమ్మ మందులకీ పోగా మిగిలింది నాలుగు వాటాలు. సిన్నది తన వాటాతో రంగు పెన్సిళ్లు కొనుక్కుంటుంది. శనివారం రాత్రి పెద్దమాంసం వండుకుంటాం. మొదట్లో ఆపీసామె ఆ పూట లోపలికి పోయి తలుపేసుకునేది. ఈమధ్య పులుసు వరకూ ఉంటోంది.

ఎప్పుడూ ఇంత సజావుగా సాగుతుందనుకోకండి. కిందటేడు ఇంటాయన సిన్నది పాడే యేసు పాట విని, వంట వాసన పసిగట్టి, నెలలోపు ఖాళీ చెయ్యమన్నాడు. ఆపీసామె మూడు నెలలు మా ఎవర్నీ బయటికి రానివ్వలేదు. ఆ మూడు నెలలు నా బతుకులో లేవు. అమ్మే పంచాయితీ చేసింది. "ఒక కడుపున పుట్టిన నలుగురూ కొట్టుకోకుండా ఉంటారా? అయినా అదీ నా బిడ్డే, ఎండలో తిరిగొచ్చింది, దాన్ని తిట్టమాకండి" అంది. మేం ఎంతమందిమో డాక్టరు కంటే ముందే అమ్మకి తెలుసు. అన్నం కలిపే తీరుని బట్టి ఎవరొచ్చిందీ చెప్పేస్తుంది.

ఉద్యమంలో ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. మీటింగుల్లో అస్తిత్వం అనే మాట రోజూ వింటున్నాను. ముందు దళితవా, ముందు ఆడదానివా, ముందు మాదిగవా, ముందు క్రిస్టియన్‌వా అని అడుగుతుంటారు. ఏదో ఒకటి ముందు పెట్టకపోతే కార్యకర్త కాదన్నట్టు చూస్తారు. 1949 నవంబర్ 25న బాబాసాహెబ్ రాజ్యాంగ సభలో మాట్లాడుతూ మనం వైరుధ్యాల బతుకులోకి అడుగుపెట్టబోతున్నామని హెచ్చరించాడు. ఓటులో సమానం, బతుకులో అసమానం. మేం ఆ వైరుధ్యాన్ని ఒంట్లో పెట్టుకుని తిరుగుతున్నాం. లోపల ఎవర్ని ముందు పెట్టినా వెనకబడ్డవాళ్లు చీకట్లోకి పోతారు. మా వరకూ సిన్నది చీకట్లోకి పోతే ఆరోజు అన్నం సహించదు. సంఘంలో ఎవరు చీకట్లోకి పోతున్నారో మీరు చూసుకోండి.

ఇంకొకటి. మన పల్లెల్లో మతి చెదిరిన ఆడవాళ్లని గుడి దగ్గరో, ప్రార్థన మందిరంలోనో గొలుసేసి వదిలేస్తుంటే దౌర్జన్యాల లెక్కలో ఎవరూ రాయడం లేదు. ఆ మతి చెదరడానికి ముందు ఏ సావిడి ఉందో ఎవరూ అడగడం లేదు. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, 2018 మే 29 నించి అమల్లో ఉంది. కులాన్ని బట్టి వైద్యంలో తేడా చూపకూడదని అందులో ఉంది. గొలుసులతో కట్టడం నిషేధమని ఉంది. ముందు ముందు తనకి ఏ వైద్యం కావాలో, ఏది వద్దో రాసిపెట్టుకోవచ్చని, తన తరఫున మాట్లాడే మనిషిని పెట్టుకోవచ్చని ఉంది. అట్రాసిటీ చట్టాన్ని చదివినట్టే దీన్నీ చదవండి. పల్లెల్లో చదివి వినిపించండి.

మేం ఆ కాగితం రాసుకున్నాం. నలుగురం నాలుగు ముక్కలు చెప్పాం. ఎవర్నీ తీసెయ్యొద్దని ఆపీసామె. యాసలో మాట్లాడితే పిచ్చి అని రాయొద్దని నేను. సూది పొడిచే ముందు చెప్పి పొడవమని సిన్నది. తాళమేసిన గదిలో పెట్టొద్దని కర్రోడు. సంతకం దగ్గర తగువొచ్చింది. నలుగురివీ నాలుగు రకాల రాతలు. ఒకసారి బ్యాంకులో సంతకం కలవలేదని చెక్కు తిరిగొచ్చిన అనుభవం ఉంది. మా నాయన బతికినంతకాలం ఏలిముద్రే వేశాడు. నా కూతురు నాలాగా వెయ్యకూడదని మమ్మల్ని చదివించాడు. అయినా అది ఒక్కటే నలుగురికీ సరిపోయింది. ఆపీసామె కాగితం కిందపెట్టి సంతకం చేసింది, అది చట్టానికి. దాని పక్కన నలుగురం కలిసి బొటనవేలు అద్దాం, అది మాకు.

కర్రోడికి ఇంకా డాక్టర్ల మీద నమ్మకం లేదు. సిన్నదానికి ఇంకా ఏడేళ్లే. సావిట్లో జరిగింది ఏదో ఒకరోజు అది తన నోటితోనే చెప్తుంది. చెప్పకపోయినా అడగం. చెప్పినరోజు వినడానికి మేం ముగ్గురం ఉంటాం. మీరు కూడా ఉండండి.